విదేశీ నిధి ఆగిపోనున్న సంస్థ ఎవరి తలుపు తట్టాలి?

ప్రశ్న: మాది నారాయణపేట జిల్లాలో 20 ఏళ్లకు పైగా పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ. ఏటా మా ఖర్చు 64 లక్షల రూపాయలు. అందులో 58 లక్షలు జర్మనీలోని ఒకే ఒక దాతృ సంస్థ నుంచి వస్తాయి. బొంబాయి, బెంగళూరు వలస వెళ్లే కూలీల పిల్లల కోసం నడిపే మూడు సీజనల్ హాస్టళ్లకు 26 లక్షలు, వైకల్యం ఉన్న 40 మంది పిల్లల ఫిజియోథెరపీ కేంద్రానికి 14 లక్షలు, 1,400 మంది సభ్యులున్న మహిళా పొదుపు సంఘాల నిర్వహణకు 9 లక్షలు, బాల్యవివాహాలు, వెట్టిచాకిరీ కేసుల్లో న్యాయ సహాయానికి 6 లక్షలు, ఆఫీసుకు 9 లక్షలు ఖర్చవుతున్నాయి. మూడేళ్ల తర్వాత సాయం ఆపేస్తామని దాత ఉత్తరం రాశారు. కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) నిధులకు ప్రయత్నిద్దామని కార్యవర్గంలో కొందరు, ఏదైనా వ్యాపారం పెడదామని మరికొందరు, అమెరికాలో స్థిరపడిన మన ఊరి వాళ్లను అడుగుదామని ఇంకొందరు అంటున్నారు. విదేశీ సొమ్మే రానప్పుడు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ మాత్రం ఎందుకు, తిరిగి ఇచ్చేద్దాం అనే మాట కూడా వచ్చింది. ఉద్యోగులకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. ఏం చేయమంటారు? — ఒక కార్యదర్శి

సమాధానం: కార్యదర్శి గారికి నమస్కారం. ఉత్తరంతో పాటు పద్దుల వారీగా లెక్కల కాగితం కూడా పంపినందుకు కృతజ్ఞతలు. ఇలాంటి ఉత్తరాలు రాసే చాలా సంస్థలు ఆ కాగితం పంపవు, పంపమని అడిగితే తయారు చేయడానికి నెల రోజులు పడుతుంది. మీ సమాధానంలో సగం ఆ కాగితంలోనే ఉంది.

మీ కార్యవర్గంలో మూడు వర్గాలు మూడు దారులు చూపుతున్నా, అందరూ అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: ఆ 58 లక్షలు ఇకపై ఎవరిస్తారు? ఆ ప్రశ్నకు జవాబు దొరకదు, దొరికినా దానితో మీకు పెద్దగా మేలు జరగదు. జర్మనీ దాత స్థానంలో హైదరాబాద్ కంపెనీ ఒకటి వచ్చి కూర్చుంటే, ఆ కంపెనీలో సీఎస్‌ఆర్ చూసే అధికారి మారిన రోజున మీరు నాకు ఇదే ఉత్తరం మళ్లీ రాయాల్సి వస్తుంది. మీ సంస్థ చేస్తున్నవి ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు పనులు. వాటిలో ఒక దాని ఖర్చు సభ్యులే భరించగలరు, ఒకటి ప్రభుత్వం చేయవలసినది, ఒకటి ఊళ్లు పోషించగలవు, ఒకటి ఏ కంపెనీ గానీ ఏ ప్రభుత్వం గానీ ముట్టుకోనిది. ఇన్నాళ్లూ ఒకే చేతి నుంచి సొమ్ము రావడం వల్ల ఆ తేడాలు మీకు కనిపించలేదు. పద్దు పద్దుకీ అసలు ఎవరు చెల్లించాలి అన్న ప్రశ్న వేసుకుంటూ వెళితే 58 లక్షల కొండ నాలుగైదు గుట్టలుగా విడిపోతుంది, వాటిలో ఒకటి రెండు మీరు ఈ ఏడాదే ఎక్కగలిగినవి.

ముందుగా మీకు దక్కిన వెసులుబాటు ఎంత అరుదైనదో గమనించండి. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయాన్ని 90 రోజుల పాటు నిలిపివేస్తూ ఆదేశించినప్పుడు, హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం నడుస్తున్న మిత్ర్ క్లినిక్ రోజుల వ్యవధిలో మూతపడింది. ఆ సాయాన్ని నడిపించిన యూఎస్‌ఎయిడ్ సంస్థే అదే ఏడాది జూలై 1 నాటికి చరిత్రలో కలిసిపోయింది. టాటా ట్రస్ట్స్ ముందుకు రావడంతో ఆ క్లినిక్ సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది గానీ, మూతపడిన అన్నిటికీ అలాంటి అదృష్టం పట్టలేదు. అదే 2025లో అనంతపురంలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఎఫ్‌సీఆర్‌ఏ రెన్యువల్ చిక్కుల్లో పడితే జిల్లా ప్రజలు వీధుల్లోకి వచ్చారు. 1969 నుంచి అక్కడ ఆసుపత్రులు, బడులు, ఇళ్లు కట్టిస్తూ వచ్చిన సంస్థకు, లక్షల కుటుంబాల అభిమానం ఉన్న సంస్థకు కూడా ఒక రెన్యువల్ దరఖాస్తు దగ్గర ఊపిరి ఆగినంత పనయింది. మీకు మూడేళ్ల గడువు రాతపూర్వకంగా ఉంది. ఆ మూడేళ్లను దాతను బతిమాలడానికి ఖర్చు చేయకండి.

అన్నిటికంటే తేలికైన పద్దుతో మొదలుపెడదాం. మీ పొదుపు సంఘాల సొమ్ము 1 కోటి 80 లక్షల రూపాయలు సభ్యుల మధ్య అప్పులుగా తిరుగుతోందని మీ కాగితం చెబుతోంది. ఆ సంఘాల లెక్కలు రాయడానికి, నెలవారీ సమావేశాలు పెట్టించడానికి మీ సంస్థ ఉద్యోగులపై జర్మనీ సొమ్ము 9 లక్షలు ఖర్చవుతోంది. కోటి ఎనభై లక్షలు తిప్పుకుంటున్న మహిళలు తమ గుమాస్తా జీతం తాము ఇచ్చుకోలేరనడం వాళ్లను తక్కువ చేయడమే అవుతుంది. వందకు నెలకు పావలా, అంటే ఏడాదికి 3 శాతం, నిర్వహణ కోసం పక్కన పెడితే 5 లక్షల 40 వేలు వస్తుంది. మిగిలిన 3 లక్షల 60 వేలు తగ్గించుకోవాల్సిన ఖర్చు. ఉద్యోగుల సంఖ్య తగ్గుతుంది, సంఘాల నుంచే చదువుకున్న అమ్మాయిలు లెక్కలు రాయడం మొదలుపెడతారు. ఇది ఎక్కడో పుస్తకంలో చదివిన సంగతి కాదు. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ప్రభుత్వ వాటా ధనం లేకుండా, సభ్యుల సొమ్ముతో, సభ్యుల పెత్తనంతో నడిచే సంఘాలకు దారి వేసింది. ఉమ్మడి వరంగల్, కరీంనగర్ పల్లెల్లో పొదుపు సహకార సంఘాలు ఆ పద్ధతిలోనే నడిచాయి. ముల్కనూరు మహిళల పాల సహకార సంఘం, స్వకృషి పేరుతో పాలు అమ్ముతున్నది, ఆ నేల మీద పుట్టినదే. ఉమ్మడి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ కూడా మహిళల పొదుపు సంఘాలను తన విభాగాలుగా అట్టిపెట్టుకోకుండా వేరు సహకార సంఘాలుగా నిలబెట్టింది. మీ సంఘాలు రిజిస్టర్ కాకుండా మీ సొసైటీ నీడలోనే ఉన్నట్టయితే మొదటి ఏడాదిలోనే ఆ చట్టం కింద రిజిస్టర్ చేయించండి. సంఘాల డబ్బు, సంస్థ డబ్బు ఒకే ఖాతాలో కలిసి ఉంటే మాత్రం ఈ వాక్యం చదవడం పూర్తయ్యాక మీ ఆడిటర్‌కు ఫోన్ చేయండి.

పొదుపు మహిళలు ఈ ప్రతిపాదనకు అభ్యంతరం చెబుతారేమోనని మీకు సందేహం రావచ్చు. చెబుతారు. ఇరవై ఏళ్లు ఉచితంగా దొరికిన సేవకు ధర కడితే ఎవరైనా అడుగుతారు: ఆ గుమాస్తా ఎందుకు, ఇన్ని సమావేశాలు ఎందుకు, ఆ జీపు ఎవరి కోసం? ఇన్నాళ్లూ జర్మనీ దాత ఏడాదికొకసారి వచ్చి పూలదండ వేయించుకుని అడిగిన ప్రశ్నల కంటే ఇవి పదునుగా ఉంటాయి, మీ సంస్థకు ఇవే అవసరం.

ఇక హాస్టళ్లు. ఇది మీ పద్దుల్లో అన్నిటికంటే పెద్దది, ఊళ్లకు అన్నిటికంటే సులువుగా అర్థమయ్యేది కూడా. 26 లక్షల్లో పిల్లల భోజనానికి 11 లక్షలు, వార్డెన్లు, వంటవాళ్ల జీతాలకు 9 లక్షలు, అద్దె, కరెంటు, మందులు, పుస్తకాలకు 6 లక్షలు అవుతున్నాయని రాశారు. జీతాలు, అద్దె అడిగితే ఊళ్లో ఎవరూ ఇవ్వరు. అన్నం అడిగితే ఇస్తారు. మన తెలుగు పల్లెల్లో అన్నదానానికి చెయ్యి ముందుకు వచ్చినంత సులువుగా మరి దేనికీ రాదు. ఈ గుణాన్ని మంచిదా చెడ్డదా అని విమర్శించే ఓపిక నాకు లేదు, మీకు మాత్రం అది ఉపయోగపడుతుంది. 120 మంది పిల్లలు, 210 రోజులు, 11 లక్షలు అంటే ఒక బిడ్డకు రోజుకు 44 రూపాయలు. 40 మంది ఉన్న ఒక హాస్టల్‌కు ఒక రోజు భోజనం 1,760 రూపాయలు. మూడు హాస్టళ్లకు కలిపి మీకు కావలసినవి 630 ‘హాస్టల్ రోజులు’. మీ చుట్టూ ఉన్న నలభై యాభై ఊళ్లలో, నారాయణపేట పట్టణంలోని బంగారం, చీరల దుకాణాల్లో, జిల్లా నుంచి వెళ్లి హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్న వాళ్లలో, ఒక్కో రోజు తీసుకునేవాళ్లు 630 మంది దొరకరా? ఒక్క ఏడాదిలో దొరకకపోవచ్చు, మూడేళ్లలో దొరకాలి.

దీన్ని ఎలా అడగాలో గుళ్లు మనకు ఎప్పుడో నేర్పాయి. శాశ్వత పూజ కట్టినవాళ్లకు ఏటా అదే తేదీన వాళ్ల గోత్రనామాలతో పూజ జరుగుతుంది, ప్రసాదం ఇంటికి వస్తుంది, అసలు సొమ్ము కదలదు. మీరు కూడా తేదీని అమ్మండి. తండ్రి వర్ధంతి, కూతురి పుట్టినరోజు, పెళ్లిరోజు, ఏదైనా సరే, ఆ రోజు ఒక హాస్టల్ పిల్లల భోజనం ఆ కుటుంబానిది. బ్యాంకు డిపాజిట్‌పై ఏడు శాతం వడ్డీ వస్తుందనుకుంటే 25,000 రూపాయల మూలనిధి ఏటా ఒక రోజు భోజనం పెడుతుంది. ధరలు పెరుగుతాయి కాబట్టి 30,000 అడగండి. ఒక్కసారి ఇచ్చేవాళ్లు, ఏటా 1,760 ఇచ్చేవాళ్లు వేరు వేరుగా ఉంటారు, రెండు రిజిస్టర్లు పెట్టండి. మూలనిధికి ఇచ్చిన సొమ్ము మూలనిధికేనని దాత చేత ఒక ముక్క రాయించుకోవడం మరవకండి. ఆ కాగితం లేకపోతే ఆదాయపు పన్ను లెక్కల్లో అది మామూలు విరాళం అయిపోతుంది, ఆ ఏడాది ఆదాయంలో 85 శాతం ఖర్చు చేయాలన్న నిబంధన దానికీ వర్తిస్తుంది.

ఇక్కడ అసలు పని రసీదు ఇచ్చాక మొదలవుతుంది. నేను చూసిన చిన్న సంస్థల్లో చందాలు రెండో ఏడాదికి ఎండిపోవడానికి కారణం జనంలో దాతృత్వం లేకపోవడం కాదు, రసీదు పుస్తకం కౌంటర్ ఫాయిల్‌లో దాత పేరు ‘రాములు, కోస్గి’ అని ఉండి, ఫోన్ నంబరు, తేదీ, ఎందుకు ఇచ్చాడన్న సంగతి లేకపోవడం. రసీదులో ఆ మూడు గడులు అచ్చు వేయించండి. ఆ తేదీకి వారం ముందు హాస్టల్ వార్డెన్ ఫోన్ చేసి ‘అన్నా, వచ్చే గురువారం నాయన పేరు మీద భోజనం, వీలైతే రండి’ అని చెప్పాలి. రాకపోతే పిల్లలు తింటున్న ఫొటో ఒకటి వాట్సాప్‌లో పంపాలి, పిల్లల ముఖాలు కనిపించకుండా. దాత వచ్చిన రోజున పిల్లల చేత దండం పెట్టించడం, కృతజ్ఞతా గీతాలు పాడించడం మాత్రం చేయకండి. వలస కూలీ బిడ్డకు ఆ అన్నం హక్కుగా అందుతున్నట్టు ఉండాలి.

కోతల తర్వాత ఊరూరా తిరిగి వడ్లు, కందులు సేకరించడం కూడా దీనికి తోడవుతుంది. మిజోరం చర్చిల్లో మహిళలు వంటకు ముందు గుప్పెడు బియ్యం పక్కన తీసి ఇచ్చే పద్ధతి 1910 నుంచి నడుస్తోంది, అక్కడి చర్చిల సేవా కార్యక్రమాలకు అదొక పెద్ద ఆదాయ వనరు. మన వైపు కూడా పిడికెడు బియ్యం తెలియనిది కాదు.

హుండీలు పెడదామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆర్‌డీటీ ‘ఇండియా ఫర్ ఇండియా’ పేరుతో ఇళ్లలో, దుకాణాల్లో హుండీలు పెట్టించి స్థానిక విరాళాలు సేకరించింది, అది మంచి ఆలోచనే. అయితే పేరు తెలియని దాతల నుంచి వచ్చిన విరాళాలు ఒక పరిమితి దాటితే ఆదాయపు పన్ను చట్టం వాటిపై 30 శాతం పన్ను వేస్తుంది. అందుకని ప్రతి హుండీకి ఒక నంబరు, ఆ నంబరుకు ఒక ఇంటి యజమాని పేరు, చిరునామా ఉన్న రిజిస్టరు పెట్టండి. హుండీ విప్పినప్పుడు ఆ ఇంట్లోవాళ్ల ముందే లెక్కించి వాళ్ల పేరనే రసీదు రాయండి. బస్టాండులో పెట్టిన అద్దాల పెట్టెకు యజమాని ఉండడు, దాని జోలికి పోవద్దు.

పన్ను మినహాయింపును ఎర చూపి చందా అడిగే పద్ధతికి కూడా కాలం చెల్లుతోంది. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగులకు ఆ మినహాయింపు వర్తించదు, రెండు వేలు దాటిన నగదు విరాళానికి పాత విధానంలో కూడా రాదు. ఆ మినహాయింపుకు ఆధారమైన 80జీ అనుమతి మాత్రం సజీవంగా ఉంచుకోండి, దాతల వివరాలతో ఏటా మే 31లోగా ఇవ్వాల్సిన పత్రం ఆలస్యం చేస్తే రోజుకు 200 రూపాయల రుసుము పడుతుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి మీ పాత రసీదులపై అచ్చయిన సెక్షన్ల నంబర్లను ఆడిటర్‌తో సరిచూసుకోండి.

హాస్టళ్లలో జీతాలు, అద్దె కలిపి మిగిలిన 15 లక్షలకు ప్రభుత్వాన్నే అడగాలి. వలస కుటుంబాల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు నడపడానికి ప్రభుత్వ బడి విద్యా పథకమైన సమగ్ర శిక్షలో వీలుంది. బడి మానేయకుండా పిల్లల్ని నిలపడం విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బాధ్యత. మీరు చేస్తున్నది వాళ్ల పని, మీ దగ్గర ఇరవై ఏళ్ల హాజరు పట్టీలు ఉన్నాయి. వాటిని జిల్లా విద్యాశాఖాధికారి ముందు, తర్వాత కలెక్టర్ ముందు పెట్టండి. ప్రభుత్వ సొమ్ము ఆలస్యంగా వస్తుందని, కొన్నిసార్లు ఆ ఏడాది అయిపోయాక వస్తుందని మీకు నేను చెప్పనక్కరలేదు. కాబట్టి ఆరు నెలల జీతాలకు సరిపడా నిల్వ చేతిలో లేకుండా ప్రభుత్వ ఒప్పందంలోకి దిగవద్దు. ఖర్చును ప్రభుత్వ ప్రమాణాల స్థాయికి తేవడం కూడా ముందే జరగాలి. గేట్స్ ఫౌండేషన్ 2003లో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో మొదలుపెట్టిన హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం ఆవాహన్‌ను 2009 నుంచి 2013 మధ్య దశలవారీగా ప్రభుత్వానికి అప్పగించింది. అప్పగింతకు ముందే జీతాలు, ఖర్చులు ప్రభుత్వ మార్గదర్శకాలకు దగ్గరగా సర్దుకోవాల్సి వచ్చింది. అది బాధాకరమైన పనే, కానీ అప్పగింత రోజున ఒక్కసారిగా పడే దెబ్బ కంటే నయం.

ఫిజియోథెరపీ కేంద్రం విషయంలో నా సలహా మీకు నచ్చకపోవచ్చు. 14 లక్షల్లో 4 లక్షల 50 వేలు వ్యాను మీదే పోతోంది. పిల్లల్ని రోజూ కేంద్రానికి తెచ్చే పద్ధతి మార్చి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం మండలాల్లో నడిపే భవిత కేంద్రాల్లో వారానికి రెండు రోజులు మీ థెరపిస్టులు కూర్చుంటే, మిగతా రోజుల వ్యాయామాలు తల్లులకు నేర్పితే, ఆ ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది. సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఆటిజం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఏటా లక్ష రూపాయల వరకు ఉంది, థెరపీ కూడా అందులోకి వస్తుంది. మీ 40 మందిలో ఎందరికి సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్ ఉంది, ఎందరు నిరామయలో చేరారు? ఈ రెండు అంకెలు మీ కాగితంలో లేవు.

వ్యాపారం పెడదామన్న మీ సభ్యుల మాటకు ఈ కేంద్రం దగ్గరే సమాధానం ఉంది. ఫినాయిల్ సీసాలు, అగరబత్తీలు, విస్తరాకులు, కుట్టు మిషన్లు అంటూ స్వచ్ఛంద సంస్థలు పెట్టిన వ్యాపారాలు ఎక్కువగా గ్రాంటు ఉన్నన్నాళ్లే నడిచాయి. సరుకు చేయడం మీకు రాదు, అమ్మడం అంతకన్నా రాదు. ఫిజియోథెరపీ మాత్రం వచ్చు. నారాయణపేట పట్టణంలో పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లు, మోకాళ్ల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఈ సేవ కోసం మహబూబ్‌నగర్ దాకా వెళ్లాల్సి వస్తోందని మీరే రాశారు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు ఫీజు తీసుకుని వాళ్లకు వైద్యం చేస్తే, ఆ మిగులుతో పిల్లల ఖర్చులో కొంత భాగం గడుస్తుంది. హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 1987 నుంచి ఫీజు ఇవ్వగలిగిన రోగుల ఆదాయం తోడుగా పేదలకు ఉచితంగా వైద్యం చేస్తూ వచ్చింది. మీది ఆ స్థాయి కాకపోయినా పద్ధతి అదే. ఆ క్లినిక్ లెక్కల పుస్తకాలు వేరుగా ఉండాలి, ఫీజు బోర్డు గోడమీద ఉండాలి.

న్యాయ సహాయం 6 లక్షలు. ఇటుక బట్టీ యజమాని మీద, బాలిక పెళ్లి చేస్తున్న ఊరి పెద్ద మీద కేసు వేసే పనికి కంపెనీ బోర్డులు సొమ్ము ఇవ్వవు, ప్రభుత్వ అధికారులకు కూడా అది ఒక్కోసారి తలనొప్పి. అన్నం పెట్టడానికి ముందుకొచ్చిన ఊరి దాతల్లో కొందరికైతే ఈ పనంటే అసలు గిట్టదు. అందుకే దీనికి వచ్చే సొమ్ము ఎవరి కోపానికీ ఆగిపోనంత చిన్న చిన్న చేతుల నుంచి రావాలి. నెలకు వంద రూపాయలు ఇచ్చే 500 మంది ఉంటే ఏడాదికి 6 లక్షలు పూర్తవుతుంది. టీచర్లు, వకీళ్లు, మీ హాస్టళ్లలో చదివి ఉద్యోగాల్లో స్థిరపడిన పాత విద్యార్థులు ఈ 500 మంది కావాలి. పాత విద్యార్థుల జాబితా మీ దగ్గర ఉందా అన్నది నాకు తెలిసినంతలో మీ సంస్థ భవిష్యత్తుకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. కోర్టు ఖర్చు కొంత జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా తగ్గించుకోవచ్చు, ఆ ఉచిత న్యాయవాదుల్లో పట్టుదల ఉన్నవాళ్లను మీరే గుర్తుపట్టి అడగాలి.

ఆఫీసు ఖర్చుకంటూ విడిగా డబ్బు ఇచ్చే దాత భూమ్మీద లేడు. మీ పనుల మీద 55 లక్షలు, ఆఫీసుకు 9 లక్షలు అంటే పని మీద పెట్టే ప్రతి వందకు ఆఫీసు వాటా 16 రూపాయలు. ఇకపై ఎవరికి ఏ ప్రతిపాదన రాసినా, ఒక రోజు భోజనం ధర చెప్పినా, ఆ 16 రూపాయలు అందులో కలిసే ఉండాలి. పైన చెప్పిన 1,760ని 2,050 చేయండి. ఎందుకు అని అడిగితే దాచకుండా చెప్పండి.

ఇక సీఎస్‌ఆర్. 2014 ఏప్రిల్ నుంచి, చట్టం చెప్పిన స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలపై ఖర్చు చేయాలి, స్థానిక ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలి. మీకు దగ్గరలో జడ్చర్ల పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలు ఉన్నాయి, అక్కడ మొదలుపెట్టండి. సీఎస్‌ఆర్ సొమ్ము తీసుకునే సంస్థలు చేయించుకోవాల్సిన సీఎస్‌ఆర్-1 ఫారం నమోదు మీకు ఇంకా లేకపోతే ఆ పని ముందు చూడండి. విదేశీ వాటాదారులు ఎక్కువగా ఉన్న భారతీయ కంపెనీ ఇచ్చే సొమ్ము కూడా విదేశీ విరాళమేనా అని చాలామంది భయపడతారు. విదేశీ పెట్టుబడి అనుమతించిన పరిమితి లోపల ఉంటే కాదని 2016 సవరణ తేల్చింది, ఆ మేరకు కంపెనీ నుంచి ఉత్తరం తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. అయితే కంపెనీ సొమ్మును భవనం, వ్యాను, పరికరాలు, ఒకసారి జరిగే శిక్షణ వంటి వాటికే వాడమని నా సలహా. నెల నెలా ఇవ్వాల్సిన జీతాలకు దాన్ని ఆధారం చేసుకుంటే ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో మీకు నిద్ర పట్టదు. మొత్తం ఆదాయంలో ఏ ఒక్క దాత వాటా కూడా పావు వంతు దాటకూడదని కార్యవర్గంలో తీర్మానం చేసి మినిట్స్‌లో రాసుకోండి.

అమెరికాలోని మన ఊరి వాళ్ల విషయంలో ఒక చట్టపరమైన గీత ఉంది, మీ సభ్యులు దాన్ని గమనించినట్టు లేదు. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపిన సొమ్ము విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే) కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. అక్కడి తెలుగు సంఘం పంపినా అంతే. మక్తల్‌లో పుట్టినా, కృష్ణా నదిలో ఈత నేర్చినా చట్టం పాస్‌పోర్టునే చూస్తుంది. కాబట్టి ప్రవాసి దాతల నుంచి పాస్‌పోర్టు నకలు తీసుకోండి, విదేశీ పౌరుల సొమ్మును ఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్ స్టేట్ బ్యాంకులోని మీ ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాకే రప్పించండి. పొరపాటున మామూలు ఖాతాలో వేయించుకుంటే తర్వాత దిద్దుకోవడం చాలా కష్టం.

ఇందుకే రిజిస్ట్రేషన్ తిరిగి ఇచ్చేద్దామన్న మాటను పక్కన పెట్టండి. 2020 సవరణల తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ నడపడం శ్రమతో కూడిన పనే. పరిపాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు, ఒక సంస్థ మరో సంస్థకు ఆ నిధులు బదిలీ చేయకూడదు, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. అయినా రిజిస్ట్రేషన్ రద్దయినా, మీరే స్వచ్ఛందంగా వదులుకున్నా, విదేశీ విరాళాలతో సమకూరిన ఆస్తులు చట్టం నియమించిన అధికారి అధీనంలోకి వెళతాయి. మీ కేంద్రం భవనం, వ్యాను, కంప్యూటర్లు ఏ సొమ్ముతో కొన్నారో ఒక్కసారి ఆస్తుల రిజిస్టరు తీసి చూడండి. పైసా రాని సంవత్సరంలో కూడా వార్షిక రిటర్నును డిసెంబర్ 31లోగా దాఖలు చేస్తూ, గడువుకు ఆరు నెలల ముందు నుంచే రెన్యువల్ దరఖాస్తు చూసుకోండి.

జర్మనీ దాతను ఈ మూడేళ్లలో ఏమడగాలి? కొత్త ఊళ్లు, కొత్త కార్యక్రమాలు అడగకండి. ఇస్తామన్నా వద్దనండి. మూడేళ్లూ ఒకే మొత్తం ఇచ్చి నాలుగో ఏట సున్నా చేసే బదులు ఏటా కొంత తగ్గిస్తూ నాలుగైదేళ్లకు పొడిగించమని అడగండి. స్థానిక విరాళాల సేకరణకు ఒక మంచి ఉద్యోగిని పెట్టుకోవడానికి, దాతల వివరాలు రాసే పద్ధతి ఏర్పాటు చేసుకోవడానికి, పరిపాలనా ఖర్చుకున్న ఆ 20 శాతం లోపలే, కొంత మొత్తం కేటాయించమనండి. ఆ ఉద్యోగి మొదటి ఏడాది తన జీతం కూడా రాబట్టకపోవచ్చు. మూడో ఏట కూడా రాబట్టకపోతే తప్పు ఎక్కడుందో వెతకాలి.

చివరిగా ఉద్యోగుల సంగతి. ఈ నెలలోనే చెప్పండి, అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, దాత ఉత్తరం తెలుగులో చదివి వినిపించి, ఏ పద్దు ఏమవుతుందో బోర్డు మీద రాసి చెప్పండి. మీరు చెప్పకపోయినా వాళ్లకు తెలిసే ఉంటుంది, గ్రామాల్లో ఇప్పటికే వేరే రూపంలో తిరుగుతూ ఉంటుంది. పొదుపు సంఘాల్లో, ఆఫీసులో కొన్ని ఉద్యోగాలు పోతాయి, ఆ మాట దాచడం అన్యాయం. ఐదేళ్లు దాటిన ఉద్యోగులకు ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున గ్రాట్యుటీ చెల్లించాల్సి ఉంటుంది. ఇరవై ఏళ్ల సంస్థలో ఆ మొత్తం చిన్నది కాదు, మీ లెక్కల కాగితంలో దానికి పద్దు లేదు. ఆడిటర్ చేత ఆ అంకె కట్టించి, దాతకు రాసే తర్వాతి ఉత్తరంలో మొదటి కోరికగా దాన్నే రాయండి.